ఎస్టేట్ సేల్‌లో కొన్న నగల పెట్టెలో పాత సోరారిటీ బ్యాడ్జీలు: గుర్తించడం ఎలా, అమ్మడం ఎలా?

కొలంబస్ కోడలు:

అందరికీ నమస్కారం. మేము ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నాము. ఇటీవల మా పేటలో ఒక వృద్ధురాలు కాలం చేసిన తరువాత ఆమె వారసులు ఇంటి సామానంతా ఎస్టేట్ సేల్‌కు పెట్టగా, అందులో ఒక చెక్క నగల పెట్టెను లోపలి వస్తువులతో సహా కొన్నాను. పూసల దండలు, జత తప్పిన చెవికమ్మల అడుగున ఒక చిన్న గుడ్డసంచిలో ఐదు వస్తువులు విడిగా కట్టి ఉన్నాయి. అవి మామూలు నగలు కావని, ఇక్కడి కళాశాలల్లో అమ్మాయిలు చేరే సోరారిటీలకు సంబంధించినవి కావచ్చునని నా స్నేహితురాలు చెప్పింది.

మొదటిది అంగుళం పొడవున్న బంగారు రంగు తాళంచెవి. దాని కాడ మీద మూడు అక్షరాలు, పళ్ళ భాగం మీద మరో మూడు అక్షరాలు ఉన్నాయి. వెంట్రుకంత సన్నని గొలుసుతో దానికి ఇంకొక చిన్న పిన్ను తగిలించి ఉంది. దాని మీద ఇంగ్లీషు బి, ఎన్ లాగా కనిపించే అక్షరాలు ఉన్నాయి. తాళంచెవి వెనుక ఒక స్త్రీ పేరు, ఒక సంవత్సరం చెక్కి ఉన్నాయి. రెండవది గాలిపటం ఆకారంలో ఉన్న నల్లని ఎనామిల్ పిన్ను. దాని అంచు చుట్టూ చిన్న చిన్న ముత్యాలు, మధ్యలో అక్షరాలున్న తెల్లని పట్టీ, పైన రెండు నక్షత్రాలు ఉన్నాయి. ముత్యం ఒకటి రాలిపోయింది, ఎనామిల్ ఒక మూల కొద్దిగా పెచ్చు లేచింది. మూడవది తెల్లని ఎనామిల్ శిలువ. దీన్ని చర్చికి సంబంధించినది అనుకుంటున్నాను. నాల్గవది పి.ఇ.ఓ. అనే అక్షరాలున్న నక్షత్రం. ఐదవది రాజముద్ర వంటి బిళ్ళ ఉన్న చేతి గొలుసు, దాని వెనుక 1/20 10కె జి.ఎఫ్. అని ముద్ర ఉంది.

మా మామగారు ఇక్కడికి వచ్చి ఉన్నారు. వీటిని హైదరాబాదుకు తీసుకువెళ్ళి కరిగించి ఒక ఉంగరం చేయిద్దామని వారి అభిప్రాయం. నాకు మాత్రం ముందుగా అవేమిటో తెలుసుకోవాలని ఉంది. ఇవి నిజమైన బంగారమేనా, శుభ్రం చేయవచ్చా, అమ్మితే ఎక్కడ అమ్మాలి, ఒకరి పేరు చెక్కి ఉన్న వస్తువును అమ్మడం సబబేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాతనగల పరిశీలకుడు:

కొలంబస్ కోడలు గారికి నమస్కారం. మీ వర్ణన స్పష్టంగా ఉన్నందువల్ల ఫోటోలు లేకపోయినా చాలావరకు చెప్పగలను.

తాళంచెవి కప్పా కప్పా గామా అనే సోరారిటీ బ్యాడ్జి. ఆ సంఘం 1870లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మాన్మత్ కళాశాలలో పుట్టింది. కాడ మీది అక్షరాలు సంఘం పేరు; పళ్ళ మీద ఉన్నవి ఆల్ఫా, ఒమేగా, ఓమిక్రాన్ అయి ఉండాలి. ప్రాచీన గ్రీకు అంకెల పద్ధతిలో ఆల్ఫా వెయ్యిగా, ఒమేగా ఎనిమిది వందలుగా, ఓమిక్రాన్ డెబ్బైగా లెక్కకు వస్తాయి కనుక ఆ మూడూ కలిపితే సంఘం పుట్టిన సంవత్సరమే వస్తుంది. ఈ అక్షరాలను భూతద్దంతో సరిచూసుకోండి, ఎందుకంటే తాళంచెవి కనబడగానే కప్పా అని రాసి అమ్మకానికి పెట్టేవారు చాలామంది ఉన్నారు. 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో మొదలైన ఫై బీటా కప్పా కూడా తాళంచెవినే చిహ్నంగా వాడుతుంది, కానీ అది చదువులో ప్రతిభకు ఇచ్చే గౌరవ సంఘం, సోరారిటీ కాదు. దాని తాళంచెవి పాతకాలపు జేబు గడియారానికి తాళం తిప్పే చెవిలా నలుచదరపు పలకతో ఉంటుంది.

గొలుసుతో వేలాడే చిన్న పిన్నును గార్డ్ అంటారు. బ్యాడ్జి ఏ సంఘానిదో పెద్ద పిన్ను చెబితే, ఏ కళాశాల శాఖదో ఈ గార్డ్ చెబుతుంది. మీకు బి, ఎన్ లాగా కనిపించినవి గ్రీకు బీటా, న్యూ అక్షరాలు. కప్పా కప్పా గామాలో బీటా న్యూ శాఖ అంటే 1888లో ఏర్పడిన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ శాఖ, అంటే మీ ఊరిదే. గొలుసుతో సహా గార్డ్ నిలిచి ఉన్న బ్యాడ్జికి విడి బ్యాడ్జి కంటే కొనేవారు ఎక్కువ, కనుక ఆ రెండింటినీ ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయకండి.

గాలిపటం కప్పా ఆల్ఫా థీటాది. ఇదీ 1870లోనే, ఇండియానాలోని గ్రీన్‌కాజిల్‌లో, నేడు డిపా విశ్వవిద్యాలయంగా ఉన్న కళాశాలలో మొదలైంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1902లో ఏర్పడిన సోరారిటీల సమాఖ్య నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ నియమాల ప్రకారం, అందులోని ఒక సంఘంలో దీక్ష తీసుకున్న స్త్రీ అందులోనే ఉన్న మరో సంఘంలో చేరడానికి వీలులేదు. ఈ రెండు సంఘాలూ ఆ కాన్ఫరెన్స్‌లో ఉన్నవే. కాబట్టి తాళంచెవీ గాలిపటమూ ఒకే మనిషివి కావు. తల్లిదీ కూతురిదీ కావచ్చు, అక్కచెల్లెళ్ళవి కావచ్చు, లేదా ఆమె సేకరించినవి కావచ్చు. తాళంచెవి మీది పేరును గాలిపటానికి కూడా అంటగట్టి ప్రకటన రాస్తే, ఈ విషయం ఎరిగిన కొనుగోలుదారు ఆ ఒక్క వాక్యంతోనే మిమ్మల్ని నమ్మడం మానేస్తారు.

శిలువ చర్చిది అయ్యే అవకాశం తక్కువ. మధ్యలో నల్లని భాగం మీద సిగ్మా, ఖై అక్షరాలు ఉంటే అది సిగ్మా ఖై అనే అబ్బాయిల ఫ్రటర్నిటీ బ్యాడ్జి. ఆ సంఘం 1855లో మీ రాష్ట్రంలోనే, ఆక్స్‌ఫర్డ్‌లోని మయామీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఆడవారి నగల పెట్టెలోకి అది ఎలా వచ్చిందంటే, గత శతాబ్దం మధ్యకాలంలో అబ్బాయి తన ఫ్రటర్నిటీ పిన్నును తాను ప్రేమించిన అమ్మాయికి ఇవ్వడం నిశ్చితార్థానికి ముందుమెట్టుగా చెలామణి అయ్యింది. అలా ఇవ్వడానికే ప్రత్యేకంగా చిన్న సైజులో చేసిన పిన్నులూ ఉండేవి. కొలిచి చూడండి, ముప్పాతిక అంగుళం కంటే బాగా చిన్నదైతే ఆ కోవలోనిది కావచ్చు.

పి.ఇ.ఓ. నక్షత్రం 1869లో అయోవా వెస్లియన్ కళాశాలలో ఏడుగురు విద్యార్థినులు ప్రారంభించిన సంఘానిది. మొదట కళాశాల సంఘమే అయినా, తరువాత అది ఊళ్ళలోని మహిళల సంఘంగా మారి దేశమంతటా విస్తరించింది కాబట్టి ఆ నక్షత్రాలు విరివిగా దొరుకుతాయి. చేతి గొలుసు బ్యాడ్జి కాదు. నృత్య విందులకు వచ్చిన అమ్మాయిలకు కానుకగా ఇచ్చే వస్తువుల మీద ఇలాంటి సంఘముద్రలు వేసేవారు; చాలాసార్లు అవి ఆహ్వానించిన అబ్బాయి ఫ్రటర్నిటీవే అయి ఉంటాయి. ఆ ముద్రను 1879లో విలియం రైమండ్ బేర్డ్ మొదలుపెట్టిన ఫ్రటర్నిటీల కరదీపికలో వర్ణనలతో పోల్చి చూడవచ్చు. పాత ముద్రణలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి.

ఎడిసన్ కంసాలి:

నమస్కారం అమ్మా. మాది తరతరాలుగా బంగారు పని, ఇప్పుడు న్యూజెర్సీలో మరమ్మతులు చేస్తున్నాను. లోహం సంగతి వరకు నేను చెబుతాను.

మీ మామగారిని నొప్పించకుండా లెక్క ఒకటి చూపించండి. ఈ బ్యాడ్జీలలో ఎక్కువ భాగం 10 లేదా 14 క్యారట్లవి. 10 క్యారట్లంటే నూటికి 41.7 పాళ్ళే బంగారం. రాళ్ళు, సూది పోగా మూడు గ్రాముల లోహం మిగిలితే అందులో మేలిమి గ్రామున్నరకు కూడా రాదు, గ్రాము పావు మాత్రమే. దానిలో తరుగు తీసి, మళ్ళీ ఉంగరానికి మజూరీ ఇచ్చాక చేతికొచ్చేది ఏమీ ఉండదు. ఇక చేతి గొలుసును అసలు కరిగించకూడదు. 1/20 10కె జి.ఎఫ్. అంటే మొత్తం బరువులో ఇరవయ్యో వంతు మాత్రమే 10 క్యారట్ల రేకు, మిగిలినది ఇత్తడి వంటి లోహం. మన చిలకలపూడి నగల పద్ధతే అనుకోండి, కాకపోతే పైరేకు మందంగా ఉంటుంది. లెక్క కడితే అందులో మేలిమి నూటికి రెండు పాళ్ళు.

ముద్ర లేనంత మాత్రాన బంగారం కాదని అనుకోవద్దు. ఇక్కడ 1906లో వచ్చిన చట్టం ముద్ర వేస్తే అది నిజం కావాలని చెప్పింది కానీ వేసి తీరాలని చెప్పలేదు. క్యారట్ ముద్ర పక్కన తయారీదారు గుర్తు కూడా ఉండాలన్నది 1961 సవరణతో వచ్చింది. అందువల్ల పాత బ్యాడ్జీల మీద ముద్ర లేకపోవడం మామూలే. తయారీదారు పేరుంటే మాత్రం కాలం అంచనా వేయవచ్చు: మసాచుసెట్స్‌లోని ఆటిల్‌బరోకు చెందిన బాల్ఫర్ కంపెనీ 1913లో మొదలైంది కనుక ఎల్.జి.బి. అని గానీ బాల్ఫర్ అని గానీ ఉంటే వస్తువు అంతకు ముందుది కాదు. డెట్రాయిట్‌లో రైట్ కే, బర్ ప్యాటర్సన్ అండ్ ఆల్డ్, న్యూయార్క్‌లో జె.ఎఫ్. న్యూమన్ కూడా ఇలాంటివి చేసిన ప్రసిద్ధ కంపెనీలు.

వెనుక సూదిని పట్టే కొక్కెం చూడండి. తెరిచి ఉన్న ఉత్త వంకీ అయితే పాతకాలపు పద్ధతి. చిన్న చక్రంలా తిరిగి మూసుకునేదైతే ఇరవయ్యవ శతాబ్దపు పని. అయితే కొక్కెం ఒక్కటే చూసి సంవత్సరం తేల్చకూడదు, ఎందుకంటే అరిగిపోయిన కొక్కేలను మార్పించుకోవడం ఇక్కడా ఉంది. వెనుకవైపు కొక్కెం చుట్టూ అతుకు మచ్చ బూడిదరంగులో కనిపిస్తే తరువాత మార్చినట్టు లెక్క.

శుభ్రం చేయడం గురించి. గాలిపటం జోలికి అసలు వెళ్ళకండి. ఆ ముత్యాలు చాలావరకు సగానికి కోసిన చిన్న ముత్యాలు. గోళ్ళలో బిగించి, అడుగున జిగురుతో నిలిపి ఉంటాయి. వేడినీళ్ళలో వేసినా, అల్ట్రాసోనిక్ యంత్రంలో పెట్టినా, అమ్మోనియా కలిసిన ద్రావకం తగిలినా మిగిలినవి కూడా ఊడిపోతాయి. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. అదే విధంగా, పాత బంగారం కొనే కొట్లవారు గీటురాయి మీద గీసి ఆమ్లం వేయబోతే ఒప్పుకోవద్దు. ఇంత చిన్న వస్తువు మీద ఆ గీత ఎప్పటికీ కనిపిస్తుంది. ఎక్స్-రే యంత్రంతో చూసే దుకాణానికి వెళ్ళండి, వస్తువుకు గీత పడకుండా క్యారట్ తెలుస్తుంది. రాలిన ముత్యం పెట్టించవద్దు. కొత్త ముత్యం తెల్లగా మెరుస్తూ పాతవాటి పక్కన ఎబ్బెట్టుగా ఉంటుంది, కొనేవారు తమకు నచ్చినట్టు చేయించుకుంటారు.

ఆస్టిన్ అమ్మ:

మా అమ్మాయి ఇక్కడి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1998లో మొదలైన కప్పా ఫై గామా అనే దక్షిణాసియా అమ్మాయిల సోరారిటీలో సభ్యురాలు. అందువల్ల ఈ వస్తువుల పట్ల లోపలివారి మనసు ఎలా ఉంటుందో కొంత తెలుసు. అమ్మకం గురించి నా అభిప్రాయం కొంచెం వేరు.

దీక్ష తీసుకున్నవారు మాత్రమే బ్యాడ్జి ధరించాలన్నది ఈ సంఘాలలో గట్టి ఆచారం. మన ఇళ్ళలో మంగళసూత్రాన్ని చూసే తీరులో వారు దాన్ని చూస్తారు. చాలా సంఘాల నిబంధనల ప్రకారం బ్యాడ్జి సభ్యురాలి సొంత ఆస్తి కూడా కాదు. జీవితకాలం ధరించడానికి సంఘం ఇచ్చినది, తదనంతరం సంఘానికి తిరిగి చేరాలి, లేదా ఆమెతోపాటే ఖననం కావాలి, లేదా అదే సంఘంలో ఉన్న కూతురికో మనుమరాలికో వెళ్ళాలి. పిల్లలకు ఈ సంగతి తెలియక ఎస్టేట్ సేల్‌లో పెట్టేస్తారు. సంఘ సభ్యులు ఈ అమ్మకాలను కనిపెట్టుకొని ఉండి, సొంత డబ్బుతో కొని వెనక్కి తెచ్చుకోవడం కూడా ఉంది.

కప్పా కప్పా గామా ప్రధాన కార్యాలయం మీకు దగ్గరలోనే, మన తెలుగువారు ఎక్కువగా ఉండే డబ్లిన్‌లోనే ఉంది. ఆ తాళంచెవిని అమ్మకానికి పెట్టే ముందు పేరు, సంవత్సరం, శాఖ తెలిపి వారికి ఒక ఉత్తరం రాయండి. సభ్యుల నమోదు పట్టికలు వారి దగ్గర ఉంటాయి కనుక పేరు సరిపోల్చుకొని, బంధువులెవరైనా వెతుకుతున్నారేమో చెప్పగలరు. ఎవరి పేరు మీద చెక్కి ఉన్న వస్తువునో లాభానికి అమ్ముకోవడం నాకైతే మనసొప్పదు.

పాతనగల పరిశీలకుడు:

ఆస్టిన్ అమ్మ గారి మాటను గౌరవిస్తూనే ఒక తేడా చెప్పాలి. బ్యాడ్జి తిరిగి ఇవ్వాలన్నది సభ్యురాలికీ సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం. వారసులు బహిరంగంగా పెట్టిన అమ్మకంలో డబ్బిచ్చి కొన్న మూడో వ్యక్తికి ఆ ఒప్పందం సాధారణంగా వర్తించదు. అందుకే ఇలాంటి బ్యాడ్జీలు వేలం స్థలాలలో ప్రతిరోజూ బహిరంగంగానే చేతులు మారుతున్నాయి. ట్రేడ్‌మార్క్‌గా నమోదై ఉన్న చిహ్నాన్ని కొత్తగా తయారుచేసి అమ్మడం మాత్రం పూర్తిగా వేరే విషయం. టెక్సాస్‌లో ఇలాంటి గ్రీకు అక్షరాల సంఘాల పేర్లతో అలంకార తెడ్లు చేసే ఒక వ్యాపారి మీద 32 సంఘాలు వేసిన దావాలో 2013లో అప్పీళ్ళ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ వివాదమంతా కొత్త సరుకు గురించినదే కానీ పాత వస్తువు తిరిగి అమ్మడం గురించి కాదు. కాబట్టి అమ్మే హక్కు మీకుంది. ముందుగా ఒక ఉత్తరం రాయడం మాత్రం మంచి మర్యాద, అందులో నాకూ అభిప్రాయభేదం లేదు. సంఘంవారు గానీ బంధువులు గానీ న్యాయమైన ధర ఇచ్చి తీసుకుంటే మీకు నష్టం ఉండదు.

అమ్మదలచుకుంటే ధరను బంగారం బరువుతో మొదలుపెట్టకండి. అది కనిష్ఠ హద్దు మాత్రమే, అంతకు తక్కువకు ఇవ్వకూడదని తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఈబేలో అమ్మకందారులు అడుగుతున్న ధరలను పట్టించుకోకుండా, అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వడపోత పెట్టి అదే సంఘం, అదే రకం పొదుగుడు ఉన్నవాటి ధరలు చూడండి. అడిగే ధరకూ అమ్ముడయ్యే ధరకూ ఈ సరుకులో చాలా ఎడం ఉంటుంది. వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో కూడా వెతకండి, ఎందుకంటే గ్రీకు రో అక్షరం పి లాగా, ఈటా హెచ్ లాగా, ఖై ఎక్స్ లాగా ఉండటం వల్ల తెలియని అమ్మకందారులు తప్పు పేర్లతో పెడుతుంటారు. మీరు మాత్రం సంఘం పేరును పూర్తి అక్షరాలలో రాయండి.

ధరను పెంచేవి వరుసగా చెప్పాలంటే, నా దృష్టిలో మొదటిది శాఖ ఏదో తెలియడం, తరువాత వజ్రం, నీలం, ఒపల్ వంటి రాళ్ళు, తరువాత పాతతనం. ఉదాహరణకు ‘పై బీటా ఫై’ అనే సోరారిటీ 1888 వరకు ఐ.సి. సోరోసిస్ అనే పేరుతో నడిచింది. వారి బాణం పిన్ను మీద ఐ.సి. అక్షరాలు ఉంటే అది ఆ కాలానిదని చూడగానే తెలుస్తుంది, సేకర్తలు దానికోసం పోటీపడతారు. అదే సంఘం యొక్క సాదా బాణం, బాల్ఫర్ ముద్రతో ఉన్నది, కావలసినన్ని దొరుకుతాయి. బాల్ఫర్ సరుకు ఇంత విస్తారంగా ఉండటానికి కారణం ఉంది: ఒకప్పుడు ఈ వ్యాపారంలో ఆ కంపెనీదే గుత్తాధిపత్యం. అది అక్రమమని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చగా, 1971లో అప్పీళ్ళ న్యాయస్థానం కూడా ఆ నిర్ణయాన్ని చాలావరకు సమర్థించింది.

ఫోటోలు కిటికీ వెలుగులో, ముందు, వెనుక, ముద్ర దగ్గరగా, పక్కన కొలబద్ద పెట్టి తీయండి. రాలిన ముత్యం, పెచ్చు లేచిన ఎనామిల్ ముందుగానే చూపించి రాయండి. చెక్కిన పేరు విషయంలో నేను పాటించే పద్ధతి ఏమిటంటే, సంవత్సరం బాగా పాతదైతే పేరు రాస్తాను, ఎందుకంటే మనుమలు ఆ పేరుతో వెతికి పట్టుకునే అవకాశం ఉంటుంది. మనిషి జీవించి ఉండగలిగినంత ఇటీవలిదైతే ఫోటోలో పేరును మరుగుపరచి శాఖ, సంవత్సరం మాత్రమే రాస్తాను.

కొలంబస్ కోడలు:

అందరికీ ధన్యవాదాలు. భూతద్దంతో చూశాను. పళ్ళ మీద మీరు చెప్పిన మూడు అక్షరాలే ఉన్నాయి. శిలువ మధ్యలో సిగ్మా, ఖై ఉన్నాయి, వెడల్పు అరంగుళం కూడా లేదు. గాలిపటం వెనుక 14కె అనే ముద్ర ఉంది కానీ పేరు లేదు. ఎడిసన్ కంసాలి గారి లెక్క విన్న తరువాత మా మామగారు ఉంగరం మాట ఎత్తడం మానేశారు, పైగా గాలిపటం మీది నక్షత్రాల్లో ఉన్న రాళ్ళు వజ్రాలేనా అని ఇప్పుడు ఆయనే అడుగుతున్నారు. తాళంచెవి గురించి డబ్లిన్ కార్యాలయానికి రాస్తున్నాను. గాలిపటాన్ని, శిలువను అమ్మాలనుకుంటున్నాను. ఆ వజ్రాల సంగతి, తపాలాలో పంపే పద్ధతి కూడా చెప్పగలరా?

ఎడిసన్ కంసాలి:

థీటా బ్యాడ్జీ నక్షత్రాలలో వజ్రాలు పెట్టడం ఉన్నదే, కానీ అవి ఆవగింజంత ఉంటాయి కనుక రాళ్ళుగా విడి విలువ స్వల్పమని మామగారికి చెప్పండి. ఎక్స్-రే కోసం వెళ్ళినప్పుడు అక్కడే వజ్రాల పరీక్ష పరికరంతో చూడమంటే క్షణంలో తేలుతుంది. అవునని తేలితేనే ప్రకటనలో వజ్రాలని రాయండి.

పంపేటప్పుడు సూదిని కొక్కెంలో పెట్టి, ముత్యాల వైపు దూది తగలకుండా పలుచని టిష్యూ కాగితంలో చుట్టండి. దూది పోగులు గోళ్ళకు చిక్కుకుంటే తీసేటప్పుడు ముత్యం ఊడుతుంది. గట్టి చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకొక పెట్టెలో పెట్టండి. ఉత్తరాల కవరులో ఎప్పుడూ పంపవద్దు, తపాలా యంత్రాల్లో నలిగిపోతుంది. ధర ఎక్కువ పలికితే రిజిస్టర్డ్ మెయిల్‌లో పంపండి. ఆలస్యంగా చేరినా చేతులు మారిన ప్రతిచోటా సంతకం ఉంటుంది, 50,000 డాలర్ల వరకు బీమా దొరుకుతుంది. దానికి ప్లాస్టిక్ టేపు ఒప్పుకోరు, తడిపి అంటించే కాగితపు టేపు ముందే తెచ్చి పెట్టుకోండి.